లాట్నం పాట

“అది కాదక్కా. నాలుక అంత పైకెత్తకు.”

“ఎత్తకపోతే ‘ల’ ఎలా వస్తుందే?”

“అది ‘ల’ కాదు.”

“అయితే ‘ర’నా?”

“‘ర’ కూడా కాదు.”

“రెండూ కాకపోతే ఆ రెంటి మధ్యా ఏముందే, నా తలకాయ!”

అక్క చేతిలో కాగితాన్ని బల్ల మీదికి విసిరింది. ఫ్యాను గాలికి అది ఎగిరి అమ్మ ఒలుస్తున్న బఠానీల గిన్నెలో పడింది. అమ్మ దాన్ని తీసి దులిపి మళ్ళీ బల్ల మీదే పెట్టి, ఎగరకుండా నీళ్ళ గ్లాసు బరువుంచింది.

మూడు రోజులుగా ఇదే వరస. పొద్దున తొమ్మిదింటికల్లా అక్క రావడం, కిటికీ పక్క కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, గ్లాసుడు వేడినీళ్ళు తాగడం, నాలుగు ముక్కల పాట నలభైసార్లు పాడడం. శ్రుతిలో పొరపాటు లేదు. తాళంలో పొరపాటు లేదు. తప్పుగా పాడవలసిన చోటే ఆవిడకి తప్పు సరిగ్గా రావడం లేదు.

మూడోరోజుకి గొంతు కూడా బొంగురుపోయింది.

“ఇంకోసారి వదినగారు ‘లాట్నం’ అన్నారంటే ఈ ముల్లు వెనక్కి తిరిగేట్టుంది,” అన్నాడు వరండాలోంచి చిన్నదాని మొగుడు. గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని చేతిగడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు.

“మీరు ఊరుకోండి మరిదిగారూ. పన్నెండింటికి ఫోను వస్తుంది. నాకు ఒళ్ళు మండుతోంది.”

“నా దగ్గరున్న పద్నాలుగు గడియారాల్లో ఏ ఒక్కదానిలోనూ పన్నెండు కాలేదు. కంగారుపడకండి.”

ఎవరూ నవ్వలేదు. ఆయన భూతద్దం తీసి జేబులో వేసుకుని, టీ తాగి వస్తానని చెప్పి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వానకి ముందు పిట్టలు ఎగిరిపోయినట్టు, ఆ ఇంట్లో గొడవకి ముందు ఆయన టీకి వెళ్ళిపోతాడు.

నలభై రెండేళ్ళొచ్చినా ఆ ఇంట్లో చిన్నది చిన్నదే. గ్లాసు కిందనుంచి కాగితం లాగి చూసింది. నాన్న చేతిరాత కాదు, అక్క రాసుకున్నది. మాటలు మాత్రం నాన్నవే.

రండి రండి రాట్నమెక్కి
రివ్వు రివ్వున తిరుగుదాం
రేపటి దిగులు రేపు చూద్దాం
రాని నవ్వు రప్పిద్దాం

నాన్న ఊళ్ళో పిల్లల ఆటల పార్కులో మైకు మనిషి. తప్పిపోయిన పిల్లల పేర్లు పిలవడం ఆయన ఉద్యోగం. ఖాళీ దొరికితే హార్మోనియం ముందేసుకుని ఒక్కో ఆటకి ఒక్కో పాట కట్టడం ఆయన సరదా. బొమ్మరైలుకి కూత కలిసిన పాట ఉండేది. పడవలకి ఊగుతూ పాడే పాట ఉండేది. గేట్లు మూసే వేళకి “ఇక ఇళ్ళకి పదండి, ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకోండి” అని ఒక జోలపాట ఉండేది. అవన్నీ పార్కుతోపాటే పోయాయి. రేడియోకెక్కింది మాత్రం ఈ రాట్నం పాట ఒక్కటే. పొద్దున వార్తలకి ముందు ఒకసారి, సాయంత్రం సినిమాపాటల నడుమ రెండుసార్లు. పన్నెండేళ్ళపాటు ఊరు దానితోనే నిద్రలేచింది.

అక్క కోసం రాసిన పాట అది. తొమ్మిదేళ్ళ అక్కకి ‘ర’ గంట కొట్టినట్టు పలికేదని ఆ మురిపెంలో నాన్న ఎక్కడ పడితే అక్కడ ‘ర’లు కుక్కాడు. రికార్డింగు రోజున అక్కకి గొంతు పూడుకుపోయింది. విని విని నేర్చుకున్న ఆరేళ్ళ చిన్నదాన్ని ఎత్తి స్టూలు మీద నిలబెట్టారు. దానికి ‘ర’ రాదు. పాటలో ఉన్న ‘ర’లన్నీ నాలుక మీద జారి, ‘ర’కీ ‘ల’కీ మధ్య ఎక్కడో పడ్డాయి. పార్కు యజమాని విని పొట్ట పట్టుకుని నవ్వి, ఒక్క అక్షరం మార్చినా ఊరుకోనన్నాడు. నెల తిరక్కుండా ఊరంతా రాట్నాన్ని ‘లాట్నం’ అనడం మొదలుపెట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే పార్కువాళ్ళు పాట పాడిన పిల్లకి కప్పు ఇస్తామన్నారు, ఫోటో తీస్తామన్నారు. సరిగ్గా ఆ వారమే చిన్నదానికి గవదబిళ్ళలు. ముఖం గుమ్మడికాయంత అయింది. అమ్మ అక్కకి కొత్త గౌను తొడిగి తీసుకెళ్ళింది. “ఒక్క ఫోటోకే కదా” అంది.

ఆ ఒక్క ఫోటో పార్కు గేటు మీద పన్నెండేళ్ళుంది. అక్క సంగీతం స్కూలు బోర్డు మీద ఇప్పటికీ ఉంది. “రాట్నం పాట పాడిన గొంతు” అని కింద రాసి కూడా ఉంది.

ఎవరైనా పాడమంటే అక్క శుభ్రమైన ‘ర’తో పాడేది. “పెద్దదాన్నయ్యాను కదండీ, నాలుక తిరిగింది” అనేది. నవ్వి చప్పట్లు కొట్టేవారు. అలా గడిచిపోయింది, ముప్పై ఆరేళ్ళు. ఇప్పుడు రేడియోవాళ్ళు వచ్చే ఆదివారం గంటసేపు ఆ పార్కు పాటలమీదే కార్యక్రమం చేస్తున్నారు. పాత టేపు చెమ్మకి పాడైపోయిందట. “మీరే మళ్ళీ పాడాలండీ. కానీ మాకు రాట్నం వద్దు, ఆ లాట్నమే కావాలి. శుక్రవారం పన్నెండింటికి ఫోన్ చేస్తాం, ఒక్క ముక్క వినిపించండి చాలు” అంది ఆ కార్యక్రమం అమ్మాయి.

ఇవాళ శుక్రవారం. పదకొండూ నలభై.

“మళ్ళీ మొదట్నించీ,” అంది చిన్నది.

“లండి లండి లాట్నమెక్కి…”

“వద్దక్కా, ఆపు. నువ్వు ‘ల’ అంటున్నావు. ముద్దు చేస్తున్నట్టుంది. అప్పుడు ఎవరూ ముద్దు చెయ్యలేదు, అది ‘ర’ అనే అనుకుని పాడిన పాట.”

“అనుకుని పాడితే సరిపోతుందా? ఎలా అనుకోవాలో చెప్పు మరి.”

“అది చెబితే వచ్చేది కాదు.”

“చెబితే రానిది నేర్పుతానని ఎందుకు ఒప్పుకున్నావు?”

“నేను ఒప్పుకోలేదు. అమ్మ ఒప్పుకుంది.”

అమ్మ బఠానీకాయ చీల్చింది. “ఒక్క పాటే కదా,” అంది గిన్నెతో చెబుతున్నట్టు.

చిన్నది ఆ మాట వదిలేసి అసలు సంగతికి వచ్చింది. “రేడియోలో నా గురించి చెబుతానన్నావు. ఏమని చెబుతావు?”

అక్క వేడినీళ్ళు ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. “చెబుతాను. మా చెల్లెలు కూడా చిన్నప్పుడు ఈ పాట బాగా పాడేదని.”

“కూడా?”

“అంటే?”

“కూడానా అక్కా?”

“ఇప్పుడా కూడాలో ఏం దొరికిందే నీకు! ఎన్నేళ్ళకో రేడియోలో నీ ఊసు ఎత్తుతున్నాను, అదీ తప్పేనా?”

చిన్నది జవాబివ్వలేదు. జవాబివ్వకపోవడం ఆమెకి బాగా అలవాటు.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. బస్టాండులో అనౌన్సరు. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదుందో చెబుతుంది. రోజుకి వేలమంది ఆ గొంతు వింటారు. ముఖం తెలిసింది క్యాంటీనతనికి ఒక్కడికే. పార్కు పోయి అక్కడ గోదాములు లేచి ఇరవై ఏళ్ళయినా, ఆ దారిన వెళ్ళే బస్సులు పోలేదు. బోర్డు మీద ‘రాట్నం సెంటర్’ అని ఉంటుంది. చిన్నది ‘ర’ని రాయి మీద రాయి కొట్టినట్టు పలుకుతూ అదే చదువుతుంది. అయిదు నిమిషాలు గడవవు, ఎవరో ఒకరు కిటికీలో తల పెడతారు. “అమ్మా, లాట్నం బస్సు వెళ్ళిపోయిందా?”

తన తప్పుని తానే రోజుకి పదకొండుసార్లు దిద్దుతుంది. ఊరు మాత్రం ఒక్కసారీ దిద్దుకోలేదు.

“చెప్పడం కాదు, పాడి చూపించు,” అంది అక్క ఉన్నట్టుండి. “మూడు రోజుల్నుంచీ అది కాదు, ఇది కాదు అంటున్నావే గానీ ఏది అవునో ఒక్కసారీ పాడలేదు. పాడు. విని పట్టుకుంటాను. నా చెవి మంచిదే.”

చిన్నది తటపటాయించింది. ఈ ఒక్కటీ ఆమె దాచుకున్నది. ఫోటో పోయింది, కప్పు పోయింది, పాడింది ఎవరో చెప్పగలిగిన నాన్న కూడా పోయాడు. అయినా ఆ గొంతు మాత్రం తన నోట్లోనే ఉందనీ, కావాలంటే ఎప్పుడైనా తీసి చూపించొచ్చనీ ఒక ధీమా. పెట్టె అడుగున బట్టలకింద పెట్టిన వస్తువులాంటిది. ఉందని తెలిస్తే చాలు, రోజూ తీసి చూడక్కర్లేదు.

గొంతు సవరించుకుంది. కళ్ళు మూసుకుంది.

“రండి రండి రాట్నమెక్కి…”

ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ‘ర’ ఠంగుమంది. నాలుక వదులుచేసి పాడింది. అక్క పాడినట్టు ముద్దు ‘ల’ వచ్చింది. పళ్ళమధ్య నుంచి పాడింది. పాము బుసకొట్టినట్టు వచ్చింది. అయిదోసారికి చెవులు ఎర్రబడ్డాయి.

పెట్టె అడుగున ఏమీ లేదు.

“ఓహో,” అంది అక్క. “గురువుగారికే రాదన్నమాట. ఇంక శిష్యురాలికేం వస్తుంది!”

“ఒక్క నిమిషం ఉండక్కా.”

“మూడు రోజులున్నాను. గొంతు అరగదీసుకున్నాను. నీకే రాని దానికి నన్ను నిలబెట్టి తప్పులు పడుతున్నావు. లోపల ఎంత సంతోషంగా ఉందో నీకు!”

“సంతోషమా?” 

“కాదా? ఆదివారం నేను పదిమందిలో నవ్వులపాలైతే నీ కడుపు చల్లబడుతుంది.”

“ఇద్దరూ ఆపండి,” అంది అమ్మ. “దానికి రాదంటే రాదు మరి. రాకుండా పోవడానికి నేను పడ్డ పాట్లు మీకేం తెలుసు! చెంచా కాడతో నాలుక ఎత్తిపట్టి, ‘రంపం, రథం, రాయి, రప్ప’ అని అన్నం తినేముందు నలభైసార్లు అనిపించాను. గవదలు పూర్తిగా తగ్గనైనా లేదు, అయినా వదల్లేదు. నెలలో పలికించాను. ఇవాళ బస్టాండులో మైకు ముందు కూర్చుని అన్నం తింటోందంటే నా చలవే.”

ఆ మాట ఆమె ఎన్నోసార్లు చెప్పింది. చుట్టాలకి చెప్పింది, అల్లుడికి చెప్పింది. చిన్నది ఎన్నోసార్లు విని గర్వపడింది కూడా. ఇవాళ మాత్రం అందులో ఒక ముక్క దగ్గర ఆగిపోయింది.

“గవదలు తగ్గకముందే ఎందుకమ్మా?”

“ఏమిటి?”

“నేను నోరు తెరవలేకపోయేదాన్ని. దవడలు అంత నొప్పి. ఆ నొప్పి నాకు గుర్తుంది. తగ్గేదాకా ఆగొచ్చుగా. ఎందుకంత తొందర?”

“బడి తెరుస్తారని.”

“బడికి అప్పటికే ఏడాదిగా వెళుతున్నాను. టీచరు ఏమీ అనలేదు. నువ్వూ ఏమీ అనలేదు. నాన్న అయితే కావాలని ‘రైలు’ అను, ‘రేడియో’ అను అని అనిపించుకుని మురిసిపోయేవాడు. ఫోటో దిగిన వారమే నీకు నా ‘ర’ గుర్తొచ్చిందా?”

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. సగం చీలి ఉంది. గింజలు తీయలేదు.

“అమ్మా, నిన్నే.”

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. వరండాలో పద్నాలుగు గడియారాల చప్పుడు.

“వీధిలో ఎవరైనా ‘నీ పేరేమిటి పాపా’ అని అడిగి నేను నోరు విప్పితే చాలు, ఆ పాట ఎవరిదో తెలిసిపోతుంది. అందుకేగా? నా ‘ర’ బాగుచేసింది నా కోసం కాదు. దొంగసొత్తు మీద గుర్తులు చెరిపేసినట్టు చెరిపేశావు.”

“ఎంతమాటన్నావే,” అంది అమ్మ. కానీ కాదనలేదు.

చిన్నది ఆ కాదనడం కోసమే చూసింది. చాలాసేపు చూసింది. అది రాలేదు. ముక్కూ కళ్ళూ ఒక్కసారే కారాయి, నలభై రెండేళ్ళ మనిషి పసిపిల్లలా వెక్కింది.

“లాదమ్మా! నాకింక లాదు! లమ్మన్నా లాదు!”

ముగ్గురూ కొయ్యబారిపోయారు.

ఆ శబ్దం గదిలో వేలాడింది. ‘ర’ కాదు, ‘ల’ కాదు. తడిసిన నాలుక అంగిలిని అందుకోబోయి అందుకోలేక జారిపోయిన శబ్దం. ఊరు పన్నెండేళ్ళు వార్తలకి ముందు విన్నది. 

అమ్మ చేతిలో కాయ కిందపడింది. “ఆవేళా ఇంతే,” అంది నెమ్మదిగా. “ఆవేళ కూడా ఏడుస్తూనే పాడావు. పాట అయితే గానీ రాట్నం ఎక్కించమన్నారని.”

అక్క మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి చెల్లెలి భుజాలు పట్టుకుంది. చిన్నది ఆ చేతుల మీదికి ఒరిగింది.

“అదే!” అంది అక్క, బొంగురు గొంతుతో, కళ్ళు మెరుస్తుండగా. “అదేనే! మళ్ళీ అను! ముక్కు దిబ్బడేసినప్పుడు నాలుక కిందికి జారుతోంది చూడు. మళ్ళీ ఒక్కసారి!”

చిన్నది అక్క ముఖంలోకి చూసింది. ఆ చేతులు విడిపించుకోవడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది.

“ఏం, ఏమన్నాను?” అంది అక్క. అని, ఏమందో అప్పుడు తెలిసి వెనక్కి తగ్గింది. తగ్గాక కోపం తెచ్చుకుంది. తప్పు చేసినప్పుడు ఆవిడకి చేతికందే వస్తువు అదొక్కటే. “నన్నేమైనా అడిగి నిలబెట్టారా ఆ రోజు? తొమ్మిదేళ్ళదాన్ని. గౌను తొడిగి, కప్పు చేతికిచ్చి నవ్వమన్నారు. నవ్వాను. ఇప్పటిదాకా ఆ నవ్వు దించనివ్వలేదు. రెండు గంటలు చెమటలు కక్కి పాడితే చివర్లో ఎవడో లేచి ‘అమ్మా, ఆ పార్కు పాట’ అంటాడు. నేను నేర్చుకున్న సంగీతం ఎవడిక్కావాలి?”

“అయితే చెప్పెయ్యి. నాది కాదని చెప్పెయ్యి. హాయిగా ఉంటుంది.”

“అరవైమంది పిల్లలొస్తున్నారు నా దగ్గరికి. ముప్పై ఆరేళ్ళు అబద్ధమాడిందని తెలిసిన మనిషి దగ్గర వాళ్ళ తల్లులు పాఠం చెప్పించుకుంటారా? స్కూలు మూసుకుని నీ అద్దాలగదిలో వచ్చి కూచోనా?”

ఆఖరు మాటలు గాలిలా వచ్చాయి. అక్క గొంతు పట్టుకుని దగ్గింది. మళ్ళీ ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు.

అప్పుడే బల్ల మీద అక్క ఫోను మోగింది.

అక్క దాన్ని చూసింది, గోడ గడియారం చూసింది. పన్నెండు. గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగింది, “హలో” అని చూసింది. తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టయింది. ఫోను ఇంకా మోగుతోంది. తీసి చెల్లెలి చేతిలో కుక్కింది.

“నువ్వు మాట్లాడు,” అని గుసగుసలాడింది. “నువ్వే నేననుకో. ఇప్పుడు ఎలాగూ నీ ముక్కు దిబ్బడగా ఉంది, పాడెయ్యి. ఒక్క ఫోనే కదా.”

ఆ మాటకి అమ్మ తలెత్తింది. ఎవరు ఎవరికి నేర్పిన మాటో ఆమెకి తెలిసినట్టే ఉంది. మళ్ళీ తల దించుకుంది.

చిన్నది ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

“నమస్కారమండీ, రేడియో నుంచి. ఆ పాట పాడినావిడేనా మాట్లాడుతున్నది?”

ఎన్నేళ్ళ తర్వాతో ఎవరో ఆ ప్రశ్న సరైన మనిషిని అడిగారు.

“అవునండీ,” అంది చిన్నది. “పాడింది నేనే.”

అక్క తలూపింది, బాగా చెబుతున్నావన్నట్టు.

“ఒక్క ముక్క వినిపిస్తారా?”

చిన్నది ముక్కు తుడుచుకోలేదు. కిటికీ వైపు తిరిగి పాడింది. నాలుగు ముక్కలూ పాడింది. దిగులు దగ్గర గొంతు వణికింది, రాని నవ్వు దగ్గర కళ్ళు మళ్ళీ కారాయి, ఒక్క ‘ర’ కూడా ‘ర’లా పడలేదు. పాట అయ్యాక అటునుంచి చాలాసేపు ఏమీ వినిపించలేదు.

“ఉన్నారా అండీ?”

“ఉన్నానండీ,” అంది ఆ అమ్మాయి. ఆమె గొంతు కూడా మారిపోయింది. “మా నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఆ గేటు దగ్గర… సర్లెండి. ఇంకేం చూడక్కర్లేదు. ఆదివారం కార్యక్రమం మీ పేరుతోనే మొదలుపెడతాం. పత్రికలకి కూడా ఇవాళే పంపుతున్నాం. మీ పూర్తిపేరు ఒక్కసారి చెబుతారా? తప్పు పడకూడదు.”

అక్క చప్పున బల్లమీది కాగితం తిప్పి, వెనకవైపు తన పేరు పెద్ద అక్షరాలతో రాసి చెల్లెలి ముఖం ముందు పెట్టింది.

చిన్నది ఆ అక్షరాల్ని చూసింది. అమ్మని చూసింది. అమ్మ రెండు చేతులతో గిన్నె అంచు పట్టుకుని, చెంచా కాడకి ఎదురుగా కూర్చున్న పిల్లలా పెదవులు బిగించి ఉంది.

“చెబుతానండీ,” అంది చిన్నది, కాగితాన్ని బోర్లా పెడుతూ. “రాసుకోండి.”

ఈసారి ‘ర’ రాయి మీద రాయి కొట్టినట్టు పలికింది.